జూన్ 28కి ముందు నాలుగు మాటలు

బిడ్డా, ఈ జూన్ 28న అశోక్‌నగర్ చౌరస్తాలో, కార్గిల్ యుద్ధంలో అమరుడైన మేజర్ పద్మపాణి ఆచార్యకు నివాళి సభ పెట్టాలని నువ్వూ నీ రూము దోస్తులూ అనుకుంటున్నారని తెలిసి చాలా సంతోషపడ్డాను. గ్రూప్స్ చదువుల్లో ఊపిరాడని మీకు ఆ ఆలోచన రావడమే గొప్ప. పెద్దవాణ్ణి గనక నాలుగు మాటలు చెప్తాను, విను.

ఫ్లెక్సీ వేయించండి. కానీ దానిమీద ఆయన బొమ్మ ఒక్కటే ఉండాలి. చందా ఇచ్చారు కదా అని లీడర్ల బొమ్మలు, కోచింగ్ సెంటర్ల బొమ్మలు పైన పరిచి ఆయన్ని ఓ మూలకు తోయొద్దు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా అట్లాంటివి ఎన్నో చూశాను. చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. పేరు కింద 2 రాజ్‌పుతానా రైఫిల్స్ అని, మహావీర చక్ర అని సరిగ్గా రాయించండి. ప్రేమకొద్దీ పరమవీర చక్ర అని పెంచొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఆయనకు మర్యాద.

ఒడియా కుటుంబం కదా, మనవాడెట్లా అయ్యాడని ఎవరైనా అడగొచ్చు. ఒడిశా మూలాలున్నా ఇల్లు హైదరాబాదే. బతుకుతెరువుకో చదువుకో ఎక్కడినుంచి వచ్చినా కడుపులో పెట్టుకున్న ఊరు ఇది. నువ్వూ నిన్నగాక మొన్న పాలమూరు నుంచి దిగినవాడివే కదా!

మీలో సగం మందికి ఆయన పరీక్షలో వచ్చే ఒక బిట్టు. మా ఈడువాళ్లకు 2003లో వచ్చిన ఎల్‌ఓసీ కార్గిల్ సినిమాలో నాగార్జున వేసిన వేషం. రెండూ చాలవు. ఆయన అమరుడైన రాత్రి ఏం జరిగిందో తెలుసుకోండి. 1999లో ద్రాస్ కొండల్లో, మందుపాతరలు పరిచిన శత్రుస్థావరాన్ని పట్టుకునే పని ఆయన కంపెనీకి పడింది. ఫిరంగి గుండ్లు సూటిగా ముందు ప్లాటూన్‌మీదే పడ్డాయి. దాడి అక్కడే ఆగిపోవాల్సింది. ఆయన వెనకున్న ప్లాటూన్‌ను తీసుకుని నిట్టనిలువు రాతిమీదుగా ఎక్కాడు. పాక్కుంటూ వెళ్లి గ్రెనేడ్లు విసిరాడు. ఒళ్లంతా గాయాలై కదల్లేని స్థితిలో, తనను వదిలేసి ముందుకు పొమ్మని జవాన్లను ఆదేశించి, తాను పడినచోటు నుంచే కాలుస్తూ ఉన్నాడు. స్థావరం చేజిక్కాకే ప్రాణం విడిచాడు.

అదే పటాలంలో అదే పోరులో ఇంకో ఇద్దరు యువ అధికారులు పోయారు. నాగాలాండ్ నుంచి వచ్చిన నెయికెఝాకువో కెంగురుసె, పట్టు దొరకని రాతిమీద బూట్లు విప్పేసి ఎక్కిన ధీరుడు. విజయంత్ థాపర్‌కు 22 ఏళ్లే. పేరు తెలియని జవాన్లు ఇంకెందరో. మన ఊరివాడి పక్కన వాళ్లనూ తలుచుకోండి. ఆయన ఒంటరిగా పోరాడలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆయన ఉత్తరం. చనిపోవడానికి కొద్దిరోజుల ముందు, జూన్ 19న తండ్రికి రాశాడు. భార్య అప్పుడు గర్భవతి. ఆమెకు రోజూ మహాభారతంలోంచి ఒక కథ చెప్పమనీ, అలాగైతే పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బుతాయనీ తండ్రిని కోరాడు. పుట్టిన బిడ్డను ఆయన చూడలేదు. గుండ్ల మధ్య కూర్చుని ఆయన పగ గురించి కాకుండా, బిడ్డ వినాల్సిన కథల గురించి ఆలోచించాడు. అందుకే చెప్తున్నా, ఆ సాయంత్రం పగతో గొంతు చించుకునే నినాదాలొద్దు. మీలో బాగా చెప్పగలిగినవాడు పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని ఈ కథంతా నెమ్మదిగా చెప్పాలి. ముందుగా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో నాటి పత్రికలున్నాయేమో అడిగి, ఉంటే చదువుకుని రండి.

కుటుంబాన్ని పిలవాలనుకుంటే ముందు అనుమతి అడగండి. రాలేమంటే బలవంతం చేయొద్దు, ఫోటోల కోసం ఇంటిమీద పడొద్దు. మిగిలిన చందా డబ్బులు డిసెంబరు 7న, పతాక దినోత్సవం నాడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కట్టి రసీదు తీసుకోండి. యుద్ధాల్లో భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లకూ మాజీ సైనికులకూ అది అక్కరకొస్తుంది.

మా వీధి పిల్లల్ని పోగేసే పని నాకు వదిలెయ్. నాలుగు కుర్చీలు మాత్రం వేయించు, నాతోపాటు మా ఈడువాళ్లు కొందరు వస్తారు.