ఆగిన చోటు

జోధ్‌పూరు నుండి జైసల్మేరు దాకా కాలినడకను పోయినానని చెప్పినప్పుడు వినేవారి ముఖంలో మొదట ఒక గౌరవం కనిపిస్తుంది. "ఎన్నాళ్ళు పట్టినది?" అని అడుగుతారు. "ఐదేళ్ళు" అనగానే ఆ గౌరవం సడలిపోతుంది. "ఓహో, ముక్కలు ముక్కలుగానా!" అంటారు. ఆ మాటలో నింద లేదు. కాని ఎవరో కొరికి పెట్టిన పండును చూచినప్పటి చూపు ఒకటి అందులో ఉన్నది. ఆ చూపు న్యాయమైనదా కాదా అని నేను చాలకాలం ఆలోచించినాను.

దారి పొడవు సుమారు 300 కిలోమీటర్లు. ఓసియా, ఫలోదీ, రామ్‌దేవ్‌రా, పోకరణ్ ఊళ్ళ మీదుగా థార్ ఎడారిలోనికి పోతుంది. ఏటా పుష్యమాసంలో సెలవు దొరికిన నాలుగైదు రోజులు నడచేవాడిని. ఆగిన చోట ఒక గుర్తు పెట్టుకొని, హైదరాబాదుకు రైలెక్కి, మరుసటి ఏడు మరల ఆ గుర్తు దగ్గరకే వచ్చి నడక సాగించేవాడిని. నా నడకలో విశేషం ఇంతే.

మన భాషలలో 'అఖండ' శబ్దానికి ఉన్న మర్యాద 'ఖండ' శబ్దానికి లేదు. అఖండ దీపమంటాము, అఖండ భజన అంటాము. ఖండితమైన విగ్రహం పూజకు పనికిరాదని నీట విడుస్తాము. యాత్ర విషయంలోనూ మనకు అదే సంస్కారం. ఏడవ శతాబ్దంలో భారతదేశానికి బయలుదేరిన చీనా భిక్షువు హ్యూయన్‌త్సాంగ్, తరువాత మన ధాన్యకటకం దాకా వచ్చినవాడే, గోబీ ఎడారిలో ఒంటరిగా పోతూ దారి తప్పినాడు. తిత్తి చేయి జారి ఉన్న నీరంతా ఇసుక పాలయినది. వెనుకకు మళ్ళి కొంత దూరం పోయినాడు కూడ. అంతలో, భారతదేశం చేరనిదే తూర్పుదెసకు ఒక్క అడుగైనా వేయనని తాను పెట్టుకొన్న ఒట్టు జ్ఞాపకం వచ్చి, గుఱ్ఱాన్ని మళ్ళీ పడమటికి త్రిప్పినాడు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు గొంతు తడవలేదు. ఆయన జీవితచరిత్ర వ్రాసిన హుయ్‌లీ ఈ కథ చెప్పినాడు. చదివినవారందరూ ఆ ఒట్టును మెచ్చుకొంటారు. నాకు మాత్రం ఆయన తూర్పుకు నడచిన ఆ కొద్ది దూరమంటే ప్రీతి. చరిత్రకారుడు దానిని దాచలేదు. దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

అయితే ఇల్లూ కొలువూ ఉన్నవాడు అంతటి ఒట్టు పెట్టుకోలేడు. జబల్పూరు చిత్రకారుడు అమృత్‌లాల్ వేగడ్ 1977లో, యాభయ్యవ యేటికి చేరువలో ఉండగా, నర్మదా పరిక్రమకు పూనుకొన్నాడు. సంప్రదాయాన్ని బట్టి అది మూడేళ్ళ మూడు నెలల పదమూడు రోజుల వ్రతం. ఆయన దానిని విడతలు విడతలుగా, ఏళ్ళ తరబడి నడచినాడు. ఆ నడకల నుండి పుట్టిన గుజరాతీ గ్రంథానికి 2004లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చినది. అమెరికాలో అరిజోనా రాష్ట్రాన్ని మెక్సికో సరిహద్దు నుండి యూటా సరిహద్దు దాకా నిలువునా దాటే కాలిబాట ఒకటి కలదు. సుమారు 800 మైళ్ళు, అందులో కొంతభాగం ఎడారి. డేల్ షివాల్టర్ అనే బడిపంతులు 1985లో ఆ రాష్ట్రాన్ని ఆ కొన నుండి ఈ కొనకు నడచి, అట్టి బాట ఒకటి ఉండాలని పట్టుబట్టినాడు. అది పూర్తి అయినది 2011లో. అప్పటికి ఆయన లేడు. దానిని నిర్మించినవారే 43 భాగాలుగా పంచి పెట్టినారు. ఏటికొక భాగం నడచుకొని పోయేవానికి కూడ అందులో చోటున్నది. కనుక ముక్కలుగా నడవడం నేరం కాదని వాదించడం కష్టమేమీ కాదు. నేనూ చాలమందితో అట్లే వాదించి గెలిచినాను. కాని గెలిచిన వాదాలు మనసుకు అంతగా పట్టవు.

నడక సంగతికి వస్తాను. ఓసియా దాటినది మొదలు దారికి తోడుగా వచ్చేది ఖేజడీ చెట్టు. అది మన జమ్మియే. దసరానాడు ఆకు త్రుంచి పెద్దల చేతిలో పెట్టి మ్రొక్కే చెట్టు అక్కడ అన్నం పెట్టే చెట్టు. కాయలు ఎండబెట్టి కూర వండుకొంటారు, మండలు కొట్టి మేకలకు వేస్తారు. మొదటి ఏడు నేను ఒక ఇసుక తిన్నె మొదట మూడు రాళ్ళు పేర్చి గుర్తుగా పెట్టినాను. మరుసటి ఏడు వెళ్ళి చూస్తే తిన్నె రూపం మారినది. రాళ్ళు ఎక్కడ పూడినవో తెలియలేదు. గంటసేపు వెదకి, ఉరమరగా ఒక చోటు నిర్ణయించుకొని, అంతకు నూరు అడుగులు వెనుకకు పోయి మొదలుపెట్టినాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ సరియైన జవాబు చెప్పలేను. నన్ను చూచేవారు అక్కడ లేరు. ఒక ఆడమేక తప్ప. అప్పటి నుండి జమ్మి చెట్టునో, రోడ్డు ప్రక్కని కిలోమీటరు రాయినో గుర్తు పెట్టుకొనడం నేర్చినాను.

ముక్కలుగా నడచేవాని పైన తేవలసిన అభియోగం ఒకటి ఉన్నది. అది నన్ను ప్రశ్నించినవారెవరికీ తట్టలేదు. ముక్కలుగా నడచేవాడు ఋతువును ఎంచుకొంటాడు. ఫలోదీలో 2016 మే 19న ఎండ 51 డిగ్రీలకు ఎక్కినది. నేను ఫలోదీని చూచినది ఉన్ని శాలువ కప్పుకొని. దాని సమీపాన ఖీచన్ గ్రామానికి చలికాలంలో ఉత్తరాది దేశాల నుండి కుర్జా కొంగలు వేల సంఖ్యలో వస్తవి. ఊరివారు వాటికి గింజలు చల్లుతారు. ఎండలు ముదిరే లోపల అవి ఎగిరిపోతవి. వాటిని చూస్తూ నిలబడినప్పుడు నాలో ఒక సిగ్గు కదిలినది. నేనూ అదే జాతివాడిని. నేను నడచినది ఎడారిలో కాదు, ఎడారి దయతో ఊరకున్న కొన్ని దినాలలో. జ్యేష్ఠమాసం అక్కడ ఉండేవారిది. గొఱ్ఱెల మందలను తోలుకొని నెలల తరబడి నడచే రాయికాలు కూడ విడతలుగానే నడుస్తారు. కాని వారి విడతలు గడ్డి నిర్ణయిస్తుంది, సెలవు కాగితం కాదు.

మూడవ ఏటి సంగతి చెప్పక తప్పదు. ఫలోదీ నుండి రామ్‌దేవ్‌రాకు పోతున్నాను. రెండవనాటికి నా కుడికాలు బొబ్బలెక్కి చీము పట్టినది. దారికి కాస్త ఎడంగా నాలుగు గుడిసెల ఢాణీ ఒకటి కనిపిస్తే అటు నడచినాను. అక్కడొక వృద్ధురాలు నన్ను చూచి, నేను అడగకముందే, వాకిట ఉన్న టాఁకా మూతకు వేసిన తాళం తీసి నీళ్ళు చేదింది. టాఁకా అంటే నేలలో త్రవ్వి గచ్చు చేసిన తొట్టి; చుట్టూ వాలుగా చదును చేసిన నేల మీద పడ్డ వాన అందులోనికి దిగుతుంది. అనుపమ్ మిశ్ర 1995లో వెలువరించిన 'రాజస్థాన్ కీ రజత్ బూందేఁ' గ్రంథంలో, ఎడారివారు నీటిని మూడు తరగతులుగా ఎంచుతారని వ్రాసినాడు. ఆకాశం నుండి నేరుగా చేతికందే పాలర్ నీరు అందులో మొదటిది. నేను ఆ గ్రంథం చదివినవాడను. కొన్ని పుటలు సరదాకు తెలుగు చేసి మిత్రులకు చదివి వినిపించినవాడను. అయినా ఆ పూట ఏం చేసినాననుకొన్నారు? ఒక చెంబు త్రాగినాను. రెండు సీసాలు నింపుకొన్నాను. మిగిలిన చెంబెడు నీళ్ళతో కాళ్ళు కడుగుకొన్నాను.

వృద్ధురాలు ఏమీ అనలేదు. ప్రక్కన నిలుచున్న ఆరేడేళ్ళ పిల్ల మాత్రం, ఇసుకలో ఇంకిపోతున్న తడిని, తరువాత నా ముఖాన్ని చూచినది. చూచి లోపలికి పోయినది. ఆ నీరు ఎప్పటిదో, ఎప్పటిదాకా రావలసినదో అప్పుడు గాని నాకు స్ఫురించలేదు. శ్రావణంలో పడిన వాన అది. మళ్ళీ ఆషాఢం దాకా రావాలి.

అక్కడ నుండి బయలుదేరి మైలు దూరం పోకముందే, 'రామ్‌దేవ్‌రా 14' అని వ్రాసి ఉన్న రాతి దగ్గర, కాలు ఇక కదలక ఒక లారీని ఆపి ఎక్కినాను. రామ్‌దేవ్‌రాలో దిగి, కట్టు కట్టించుకొని, మరునాడు కుంటుతూ పోకరణ్ చేరినాను. రైలులో కూర్చొని లెక్కపుస్తకం తీసి, 'ఫలోదీ నుండి పోకరణ్ దాకా, కాలినడక' అని వ్రాసినాను. చేయి వణకలేదు. పదునాలుగు కిలోమీటర్లు ఏపాటి? 300లో అది లెక్కలోనిదా?

ఏడాది పొడుగునా ఆ పదునాలుగు కిలోమీటర్లే నన్ను వెంటాడినవని చెప్పితే అతిశయోక్తి అవుతుంది. నాలుగైదుసార్లు జ్ఞాపకం వచ్చి ఉంటవి. ప్రతిసారీ జ్ఞాపకం వచ్చినది రాయి కాదు, పిల్ల చూపు. ఆ రెండింటికీ సంబంధం ఏమిటో నాకు మొదట అర్థం కాలేదు. నడవని దారిని నడచినట్లు వ్రాసుకొన్నది ఒక అబద్ధం, అంతే. అది నాకూ నా పుస్తకానికీ మధ్య సంగతి. నీరు పారబోసినది మరొకరి యెడ చేసిన అపరాధం. కాని నాలుగవ ఏడు టికెట్టు కొనబోయేసరికి రెండూ ఒకటే అయినవి. పోకరణ్‌కు టికెట్టు కొంటే ఆ ఢాణీని మళ్ళీ చూడనక్కరలేదు. ఫలోదీకి కొంటే చూడక తప్పదు. నేను విడిచినది పదునాలుగు కిలోమీటర్లు కాదు, ఆ వాకిలి. కాలి నొప్పి నిజమే; లారీలో కూర్చొన్నప్పుడు కలిగిన ఊరట మాత్రం నొప్పి తగ్గినందుకు కలిగినది కాదు.

అఖండ యాత్ర చేసేవానికి ఈ చిక్కు లేదు. ఒకే ఊపున దాటిపోయేవాడు దారిలో ఎవరి నీరు త్రాగినా వారికి నమస్కరించి ముందుకు పోతాడు. వారు అతని కథలో ఒక వాక్యమవుతారు. అతని ఋణం దారితో పాటే వెనుకబడిపోతుంది. ముక్కలుగా నడచేవాడు తాను ఆగిన చోటికే తిరిగి రావాలి. మంచిగా ఆగినా అక్కడికే, చెడ్డగా ఆగినా అక్కడికే. ఏడాది ఇంట్లో తిని, నిద్రపోయి, బుద్ధి కాస్త తెప్పరిల్లిన తరువాత రావాలి. ఇది ముక్కల నడకకు ఉన్న గొప్ప అని నేననను. చాలమంది ఆ చోటిని తప్పించుకొని రెండడుగుల అవతల మొదలుపెడతారు. నేనూ అందుకు సిద్ధపడినవాడినే. కాని తప్పించుకొనడానికైనా ఆ చోటు ఒకటి ఉండడం, అది ఎక్కడున్నదో తనకు తెలియడం, ఏకధాటిగా నడచేవానికి లేని సంగతి.

ఫలోదీకే కొన్నాను. ఊరికే పోవడానికి ముఖం చెల్లక, ఫలోదీ బజారులో రెండు పెద్ద డబ్బాలు కొని, కుళాయి నీళ్ళతో నింపి, ఒక జీపువాణ్ణి బతిమాలి ఆ ఢాణీ దగ్గర దిగినాను. వృద్ధురాలు కనుబొమలపై చేయి అడ్డుపెట్టుకొని చూచి, "కాలు బాగయిందా నాయనా?" అన్నది. నేను నీళ్ళ డబ్బాలు చూపి, నిరుటి సంగతి ఎత్తి, తడబడుతూ ఏదో చెప్పినాను. ఆమె ఒక డబ్బా మూత తీసి, అరచేతిలో ఇంత పోసుకొని రుచి చూచినది.

"కాలువ నీరు," అన్నది. "మేకలు త్రాగుతవిలే, మాజీకి తెచ్చినావు గదా, ఉంచు." ఆమె తాళంచెవి తీసికొని టాఁకా వైపు నడచినది. నేను వద్దన్నాను. వినలేదు. ఆ పూట చెంబు అందించినది ఆ పిల్లే. ఏడాదిలో చేరెడు పెరిగినది. నేను త్రాగి చెంబు తిరిగి ఇచ్చేదాకా కన్ను త్రిప్పకుండా నిలబడి, అడుగున మిగిలిన గ్రుక్కెడు నీటిని జాగ్రత్తగా జమ్మి మొక్క మొదట పోసినది.

ఆ పదునాలుగు కిలోమీటర్లు నడవడానికి నాకు నాలుగు గంటలు పట్టినది. చూడదగినదేమీ లేదు, జిల్లేళ్ళు, ముళ్ళ కంచెలు, రోడ్డు మీద ఇసుక లారీలు. రామ్‌దేవ్‌రాలో నిరుడు దిగిన చోట టీ త్రాగుతూ లెక్కపుస్తకం తీసినాను. పాత వాక్యం కొట్టివేయలేదు. దాని క్రింద ఈ యేటి తేదీ వేసి, ఎక్కడ నుండి ఎక్కడికి నడచినానో వ్రాసినాను.