తెరమీది కన్నీరు

1984 జూలై 7వ తేదీన దూరదర్శన్ ‘హమ్ లోగ్’ అను ధారావాహికను ప్రసారము చేయ నారంభించినది. వినోదముతోపాటు సంఘబోధ కూడ చేయుటకై మెక్సికో దేశమున రూపొందిన ధారావాహికలు దానికి ఒరవడి. మనోహర్ శ్యామ్ జోషి రచించిన ఆ కథ 1985 డిసెంబరులో ముగిసినది. ప్రతి భాగము చివర నటుడు అశోక్ కుమార్ కనిపించి, జరిగిన కథను గూర్చి ఆలోచింపుడని ప్రేక్షకులను హెచ్చరించెడివాడు.

అందు భాగవంతి అను తల్లి భర్తచేతను అత్తచేతను మాటలు పడుచు, నోరు మెదపక సంసారమును ఈడ్చును. అట్టి బ్రతుకు తగదని తెలుపుటకే ఆ పాత్రను కల్పించిరి. కాని ప్రేక్షకుల మనోభావములను పరిశీలించిన పండితులకు విపరీతమైన ఫలితము కనబడినది. పలువురు ఆమెను ఆదర్శగృహిణిగా తలచిరి!

ఇది వారి అజ్ఞానమని కొట్టివేయుట న్యాయము కాదు. సీత, దమయంతి, చంద్రమతి కథలు విని పెరిగిన జాతికి ఓర్పును చూచినంతనే చేతులు జోడించుట అలవాటు. లోకమున దుఃఖహేతువైనది కావ్యమున ఆనందహేతువగునని ఆలంకారికులు చెప్పిరి. చిక్కు అందే యున్నది. ఒకరి దుఃఖము మనకు ఆనందమైనప్పుడు ఆ దుఃఖము తీరవలెనను తొందర మనకు ఉండునా?

కావ్యమునకు ముగింపు కలదు. ముగింపులో కవి తీర్పు కలదు. 2000 నుండి 2008 వరకు సాగిన ‘క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ’ వంటి కథలలో ఒక కష్టము తీరకమునుపే మరియొకటి తలయెత్తును. తీర్పు రేపటికి వాయిదా పడుచునే యుండును. ప్రశ్నించు అశోక్ కుమార్ అక్కడ లేడు.

అయినను ఈ కథలు చేయు మేలొకటి కలదు. తన బాధ చెప్పుకొనుటకు నోరురాని ఇల్లాలు, తెరమీది కోడలి బాధను పొరుగామెతో నిస్సంకోచముగా ముచ్చటించును. పరుల పేర తన గోడు వెళ్ళబోసికొనును. ఆ మాట నిజముగా వినువారుండిన, కథ సార్థకమే.

కాని తెరమీది కోడలికై కన్నీరు విడుచు అత్తగారే, ఆ క్షణమున వంటింట నిలువుకాళ్ళపై నున్న కోడలిని మంచినీళ్ళకై కేకవేయవచ్చును. ఆ కన్నీరు అబద్ధము కాదు. చేరవలసిన చోటికి ఇంకను చేరలేదు, అంతే. గదికిని వంటింటికిని నడుమనున్న ఆ నాలుగడుగులు ఏ కథయు మనకు బదులుగా నడువజాలదు.