విషమెక్కిన నేలకు వెల ఎంత?

నేల తల్లి, తల్లికి వెల కట్టరాదు అని మన పెద్దలంటారు. బడిలో పిల్లలకు మేమూ అదే చెబుతాం. కానీ గని మురికో ఫ్యాక్టరీ వ్యర్థమో పొలంలో చేరిన రోజున ఎవరో ఒకరు వచ్చి దానికి వెల కడతారు. మనం మాట్లాడకపోతే ఆ కాగితం మీద సున్నా పడుతుంది. కాబట్టి ఆ లెక్క ఎలా వేస్తారో మనకు తెలియాలి.

ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. చుట్టుపక్కల అలాంటి భూమి ఎంతకు అమ్ముడైందో చూడడం మొదటిది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి అమ్మకుండా 1/70 చట్టం మనల్ని కాపాడుతోంది. అమ్మకాలు లేనిచోట ఈ పద్ధతికి ధర దొరకదు. అందుకే 2013 భూసేకరణ చట్టం, ఇలాంటి చోట్ల పక్క ప్రాంతాల ధరను బట్టి కనీస ధర ప్రకటించమని ప్రభుత్వానికి చెప్పింది.

రెండోది, భూమి మీద ఏటా వచ్చే ఆదాయం. సంతకు వెళ్లిన వలిసెలు, కందులు లెక్కకొస్తాయి. ఇంట్లో తాగిన చోడి అంబలి, గట్టు మీది మేత, గెడ్డ నీరు లెక్కకు రావు.

మూడోది, శుభ్రమైన భూమి ధరలోంచి శుద్ధి ఖర్చు తీసేయడం. అసలు చిక్కు ఇక్కడే. ఎకరం ధర 2 లక్షలు, శుద్ధికి 10 లక్షలు అనుకుందాం. లెక్క సున్నాకన్నా కిందికి పోతుంది. అప్పుడు, ఈ నేలకు అంత ఖర్చు దండగ అంటారు. అంటే పేదవాడి నేల చౌక గనుక దాన్ని పాడుచేయడమూ చౌకే అన్నమాట! ఇది న్యాయమా? కొనేవాడికి ఆ నేల ఎంత అన్నది ఒక ప్రశ్న, పాడుచేసినవాడు ఎంత బాకీపడ్డాడన్నది వేరే ప్రశ్న.

రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లా బిఛ్రీ గ్రామంలో రసాయన వ్యర్థాలు నేలలోకి ఇంకి బావులు పాడయ్యాయి. శుద్ధి ఖర్చు పాడుచేసినవారే భరించాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. సుమారు 37 కోట్ల రూపాయలు చక్రవడ్డీతో కట్టమని 2011లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆలస్యమైనా లెక్క సరైనచోట మొదలైంది. నేల అమ్మితే ఎంత వస్తుందని కాదు, బాగుచేయడానికి ఎంత కావాలని చూశారు.

వెల చెప్పడమంటే అమ్మడానికి ఒప్పుకున్నట్టేనా అని మన యువకులు అడుగుతారు. కాదు. అది బాకీ లెక్క, అమ్మకం కాగితం కాదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఏ పొలం ఏం ఇస్తుందో, ఏ ఊట ఎన్ని ఇళ్లకు నీళ్లిస్తుందో పిల్లలతో ఇప్పుడే నోటుపుస్తకంలో రాయిద్దాం. నేల పాడయ్యాక రాస్తే ఎవరూ నమ్మరు. కొత్తల పండుగకు మొదటి గింజ ఏ పొలంలోంచి వస్తుందో కూడా రాయిద్దాం. దాని పక్కన అంకె వేయలేకపోతే ఖాళీగా ఉంచుదాం. సున్నా మాత్రం వేయనివ్వొద్దు.