అర్ధరాత్రి తెరువబడిన గేటు



అర్ధరాత్రివేళ స్నేహితుని తలుపు తట్టిన మనుష్యుని ఉపమానము లూకా సువార్త 11వ అధ్యాయములో మనము చదువుచున్నాము. లోపలివాడు మొదట లేవనొల్లడు. తలుపు వేసియున్నది, పిల్లలు పండుకొనియున్నారు. అతడు చెప్పినది నిజమే; అయినను బయటివాని అక్కర తీరలేదు.

జపాను దేశమందలి ఒసాకా పట్టణములో ఇట్టి తలుపొకటి ఉండెను. అచ్చటి మొదటి భూగర్భ రైలుమార్గము 1933 మే 20వ తేదీన ఉమెదానుండి షిన్‌సాయిబాషి వరకు తెరువబడెను. తొలుత ఒక్కొక్క పెట్టెయే నడిచినను, రాబోవు తరములవారిని తలంచి మేయరు సెకి హాజిమె కాలములో ప్లాట్‌ఫారములు మిక్కిలి పొడవుగా కట్టబడెను. ఆయన 1935లో మరణించెను. ఆ స్థలము ఏ రాత్రి ఎవరికి అక్కరకు వచ్చునో ఆయన యెరుగడు.

1945 మార్చి 13వ తేదీ రాత్రి 274 బి-29 విమానములు ఆ పట్టణముపై అగ్నిబాంబులు కురిపించెను. సుమారు 4,000 మంది మరణించిరి. దాడివేళ ప్రజలు భూగర్భ స్టేషన్లలో తలదాచుకొనుటకు అనుమతి లేదు. రైళ్లు నిలిచిపోయిన వేళ అది. షిన్‌సాయిబాషి గేటు మూయబడియుండెను. వీధులు మండుచుండగా జనులు దానియొద్దకు పరుగెత్తి వచ్చిరి. లోపలివారు గేటు తెరచిరి. అంతేకాదు, రైలొకటి వచ్చి వారిని ఎక్కించుకొని, మంటలకు దూరముగా ఉత్తరముననున్న ఉమెదాకు చేర్చెను.

ఆ రైలు సంగతి అధికారుల దస్తరములలో కానరాలేదు. నాడు ప్రాణములు దక్కించుకొన్నవారు అనేక సంవత్సరముల పిమ్మట ఇచ్చిన సాక్ష్యమువలననే లోకమునకు తెలిసెను. ఆజ్ఞ యిచ్చినదెవరో, తాళము తీసినదెవరో చరిత్ర చెప్పలేదు. ఆ చేతిని ఎరిగిన దేవుడు మాత్రము మరువలేదు.

ప్రియులారా, మనలో ప్రతివానికి ఏదో ఒక తాళపుచెవి ఇయ్యబడినది. ఒకరికి ఆసుపత్రి వాకిలి, ఒకరికి కచేరీలోని బల్ల, ఒకరికి ధాన్యము నిండిన గాదె. వేళకు తలుపు మూయుట మంచి క్రమమే; క్రమము లేనిదే ఏ పనియు సాగదు. అయితే బయట మంటలు రేగి, చంటిబిడ్డతో తల్లి తలుపు తట్టుచున్నప్పుడు, "వేళ దాటినది, రేపు రమ్ము" అనుట తగునా? ఆ తలుపు ఎవరి మేలుకొరకు పెట్టబడెనో మనము జ్ఞాపకము చేసికొనవలెను.

మన యిండ్లను, మన హృదయములను మన అవసరముకంటె విశాలముగా కట్టుకొందము. తట్టువారి స్వరము వినునట్టి చెవియు, పేరు కోరక తెరచునట్టి చేయియు ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.