చిరకారి చేసిన ఆలస్యం

నాయనా, కోపం వచ్చిన వేళ మనసుకు తోచిన మొదటి మాటను తీర్పుగా తీసుకోకు. అది ఎంత నిస్సందేహంగా పలికితే అంతగా దాన్ని శంకించు.

శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చిరకారి కథ చెబుతాడు. గౌతముడి కొడుకైన చిరకారి ఏ పనికైనా చాలాసేపు ఆలోచించేవాడు. లోకులు అతణ్ణి మందబుద్ధి అన్నారు, సోమరి అన్నారు. ఒకనాడు తండ్రి, భార్య పరపురుషుడితో తప్పు చేసిందన్న ఆగ్రహంతో, తల్లిని చంపమని అతణ్ణి ఆజ్ఞాపించి అడవికి వెళ్లిపోయాడు. ఆ కొడుకు ఆయుధం పట్టి నిలబడ్డాడు. తండ్రి మాట జవదాటితే అధర్మం. తల్లిని కాపాడకపోయినా అధర్మమే. ఎవరి ఋణం పెద్దది? అసలు నేరం ఆమెదా, మారువేషంలో వచ్చి వంచించిన ఇంద్రుడిదా? ఒకసారి తండ్రి పక్షాన, ఒకసారి తల్లి పక్షాన నిలిచి తనలో తానే వాదించుకున్నాడు. ఈలోగా అడవిలో గౌతముడి కోపం చల్లారింది. ఎంత ఘోరానికి ఆజ్ఞ ఇచ్చానని కుమిలిపోతూ తిరిగి వచ్చాడు. భార్య బ్రతికే ఉంది. కొడుకు ఆయుధం వదిలి పాదాలమీద వాలాడు.

ఆ తల్లిని నిలిపింది కేవలం జాప్యం కాదు. ఆజ్ఞ మోసేవాడు ఆజ్ఞకు ఎదురుగా ఉన్న పక్షానికీ నోరిచ్చాడు. దాన్ని నేర్చుకో.

కోపం లేని చోటా తొందర మోసగిస్తుంది. 2005లో షేన్ ఫ్రెడరిక్ అనే పండితుడు ప్రకటించిన పరీక్షలో ఒక లెక్క ఉంది. బ్యాటూ బంతీ కలిపి డాలరు పది సెంట్లు. బ్యాటు ధర బంతికంటె ఒక డాలరు ఎక్కువ. బంతి వెల ఎంత? పది సెంట్లని నాలుక ముందే అనేస్తుంది. సరైన జవాబు అయిదు. పేరున్న విశ్వవిద్యాలయాల విద్యార్థులూ ఎందరో తప్పారు. వారికి కూడిక రాక కాదు, తోచినదాన్ని మరొక్కసారి సరిచూడక.

చదివినవారికి ఇంకొక ఆపద ఉంది, అది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ముందే కోరుకున్న నిర్ణయానికి వారు తమ బుద్ధిని వకీలుగా నిలుపుతారు. తెలివి పెరిగినకొద్దీ సాకు బలపడుతుంది. కనుక, 'నేను తప్పని దేనివల్ల తేలుతుంది?' అని నిన్ను నీవు అడుగు. జవాబు దొరకకపోతే నీవింకా ఆలోచించలేదన్నమాటే.

కూలివాడి కూలి దగ్గర, రోగి మందు దగ్గర చిరకారి పేరు చెప్పి జాగు చేయకు. భీష్ముడు ఆలస్యాన్ని మెచ్చింది రాగంలో, దర్పంలో, ద్రోహచింతలో, పాపకార్యంలో. తోబుట్టువుపై దావా కాగితం నీ ముందుకు వస్తే ఆ రాత్రికి పక్కన పెట్టు. తెల్లవారాక అవతలి మాట అవతలివారి నోటనే విను. సంతకం సంగతి ఆ తరువాత చూడవచ్చు.