రింగు మీద నాలుగుసార్లు

బాస్కెట్‌బాల్‌లో టొరంటో ఆటగాడు కవై లెనర్డ్ వేసిన ఆ షాట్‌ను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 2019 మే 12, టొరంటో. ఫిలడెల్ఫియాతో సిరీస్‌లో ఏడో ఆట, స్కోరు 90-90. మూల నుంచి, ఫిలడెల్ఫియా ఆటగాడు జోయెల్ ఎంబీడ్ చాచిన చేతి మీదుగా వేశాడు. బంతి గాల్లో ఉండగానే బజర్ మోగింది. రింగు మీద నాలుగుసార్లు ఎగిరి, అప్పుడు లోపల పడింది. ఆ ఏడాది ఎన్‌బీఏ టైటిల్ టొరంటోదే. ఫలితం తెలిసి కూడా నాలుగోసారి బంతి ఎగిరేటప్పుడు నాకు ఊపిరాడదు.

ఏడు ఆటల సిరీస్ ఉన్నది అదృష్టాన్ని వడగట్టడానికే అనుకునేవాణ్ణి. పేకలో ఒక్క ఆటకైతే ముక్కలు పడినవాడు షో చెబుతాడు. తెల్లవార్లూ ఆడితే ఎవరి ఆట ఏపాటిదో తేలుతుంది. అదే నమ్మకంతో ఒకసారి కాగితం మీద లెక్క వేశాను. ఒక్కో ఆట గెలిచే అవకాశం 60 శాతం ఉన్న జట్టుకు సిరీస్ గెలిచే అవకాశం 71 శాతమే. తెల్లవార్లూ ఆడినా తేలేది అంతే!

అమెరికా కాలేజీల బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో ఆ మాత్రం వడపోత కూడా లేదు. ఒక్కటి ఓడితే ఇంటికే. పురుషుల పోటీలో ఒకటో సీడ్ జట్లు 16వ సీడ్‌తో ఆడిన మొదటి 135 ఆటలూ గెలిచాయి. ఆ తర్వాత 2018 మార్చి 16న ఒకటో సీడ్ వర్జీనియా 54-74తో 16వ సీడ్ యూఎంబీసీ చేతిలో ఓడింది. వర్జీనియా ఆటగాడు డిఆండ్రె హంటర్ మణికట్టు విరిగి ఆడలేదు, అది దురదృష్టమే. కానీ సగం ఆటకు 21-21గా ఉన్న స్కోరు మీద యూఎంబీసీ ఇంకో 53 పాయింట్లు వేసింది. అది అదృష్టం అంటే ఆ కుర్రాళ్లకు అన్యాయం చేసినట్టు. ఇంకోటి కూడా ఉంది: వర్జీనియా కావాలనే నెమ్మదిగా ఆడే జట్టు. నెమ్మదిగా ఆడితే రెండు వైపులా షాట్లు తగ్గుతాయి, షాట్లు తగ్గితే బలం తేలే సందర్భాలూ తగ్గుతాయి. గట్టి జట్టే తన ఆటను తాను కుదించుకుంది.

మరుసటి ఏడాది అదే వర్జీనియా, అదే నెమ్మది ఆటతో, విజేత. సెమీఫైనల్లో ఆబర్న్ మీద 60-62తో వెనకబడి ఉండగా, 0.6 సెకన్లు మిగిలినప్పుడు వర్జీనియా ఆటగాడు కైల్ గైకి మూడు ఫ్రీ త్రోలు దొరికాయి. అంతకు కొద్ది క్షణాల ముందు అతని జట్టువాడే టై జెరోమ్ చేసిన డబుల్ డ్రిబుల్‌ను రెఫరీలు పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే గై ఫ్రీ త్రో గీత దగ్గరికి వచ్చేవాడే కాదు. వచ్చాక మాత్రం అంత హోరులో మూడూ వేశాడు. 63-62. ఆ చేతి నిబ్బరానికి దండం పెట్టాలనిపిస్తుంది.

కానీ నా కళ్లు ఆబర్న్ వైపే పోతాయి. అదే సిరీస్ అయితే వాళ్లకు ఎల్లుండి ఇంకో ఆట ఉండేది.