మోత బలానికి హేతువా?

కారుకు కంపెనీ సైలెన్సరు తీయించి ఫ్రీ ఫ్లో గొట్టం బిగించుకున్నవారు ఎవరైనా చెప్పేది ఒకటే: మోత పెరిగింది, బండికి పికప్ వచ్చింది. మొదటిది చెవికి తెలిసిన సంగతి. రెండోది దాని నుంచి ఊహించినది. విడదీసి చెబితే అది ఒక అనుమానవాక్యం: ఈ బండికి బలం పెరిగింది, దీని మోత పెద్దది గనుక, రేసు కారులాగా. తర్కశాస్త్రం లెక్కన బండి పక్షం, బలం సాధ్యం, మోత హేతువు, రేసు కారు దృష్టాంతం. ఆ హేతువు నిలుస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇలాంటి ప్రశ్నలకు తూనికరాళ్లు ఏర్పరచినవారిలో అన్నంభట్టు ఒకడు. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన ఈ పండితుడు తెలుగువాడు, కృష్ణా ప్రాంతపు గరికపాడువాడని ప్రసిద్ధి. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని నానుడి కూడా ఉంది. గొట్టం మార్చినంత మాత్రాన రేసు కారు అయిపోదని చెప్పడానికీ అది పనికొస్తుంది. నైయాయికుల పాత ఉదాహరణ అందరికీ తెలిసిందే. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నట్టు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది కాబట్టి అది చెల్లుతుంది. తిరగేసి, నిప్పు ఉంది గనుక పొగ ఉందంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె కూడా ఉండాలి. చాటున ఉండి పని నడిపించే ఆ తడికట్టెను ఉపాధి అన్నారు. ఉపాధి తగిలిన హేతువు దేన్నీ నిరూపించదు.

బండి విషయంలో ఆ తడికట్టె ఏదో తెలియాలంటే గొట్టంలో జరిగేది చూడాలి. పిస్టన్ కిందికి పూర్తిగా దిగకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. సిలిండరులో ఇంకా మిగిలి ఉన్న ఒత్తిడి ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. ఆ తాకిడి అలగా మారి వేడి వాయువులో సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. గొట్టం వెడల్పయ్యేచోట గానీ చివర గానీ అది తిరగబడి, ఈసారి ఒత్తిడి తక్కువైన అలగా వెనక్కి వస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాస్త తెరిచి ఉన్న క్షణానికి అది సిలిండరు చేరితే మిగిలిన పొగను లాగేసి, కొత్త గాలిని లోపలికి పిలుస్తుంది. బలం పెరిగేది అక్కడే.

ఆ క్షణం ఎప్పుడూ ఒకలా కుదరదు. వాల్వు నుంచి గొట్టాలు కలిసేచోటికి 80 సెంటీమీటర్లు ఉందనుకుంటే అల పోయి రావడానికి సుమారు 3 మిల్లీసెకన్లు. నిమిషానికి 6,000 చుట్ల వేగంలో ఆ వ్యవధిలో క్రాంకు దాదాపు 110 డిగ్రీలు తిరుగుతుంది. 3,000 చుట్ల దగ్గర అందులో సగమే. అంటే ఒక వేగానికి కుదిరిన పొడవు మరో వేగానికి కుదరదు. వ్యాసమూ అంతే. మరీ లావు గొట్టం వేస్తే వాయువు వేగం పడిపోయి, ఊళ్లో నడిపే తక్కువ చుట్ల దగ్గర లాగుడు తగ్గుతుంది. ఇంజనుకు 'బ్యాక్ ప్రెషర్' కావాలని గ్యారేజీల్లో చెప్పే మాట ఈ అనుభవం నుంచే పుట్టింది. నిజానికి కావలసింది ఎదురు ఒత్తిడి కాదు, వాయువు వేగం, అల తిరిగివచ్చే సమయం. టర్బో ఉన్న ఇంజనులో లెక్క వేరు: టర్బైను అలలను చాలావరకు మింగేస్తుంది కనుక దాని తర్వాతి దారి ఎంత తేలికైతే అంత లాభం.

కాబట్టి రేసు కారులో బలం తెచ్చేది గొట్టం కొలతలు, వాల్వులను తెరిచే క్యామ్, ఇంధనం మోతాదు ఒకదానికొకటి కుదరడం. మోత కూడా వస్తుంది, కానీ వెంట వచ్చేదిగానే. బలం పెరిగిన ప్రతిచోటా ఆ కుదురు ఉంటుంది. మోత పెరిగిన ప్రతిచోటా ఉండదు. తడికట్టె అదే. సైలెన్సరుకు చిల్లు పడ్డ పాత కారు చాలు సాక్ష్యానికి: మోత బ్రహ్మాండం, పెరిగిన బలం సున్నా. సాధ్యం లేనిచోట కూడా కనిపించే ఇలాంటి హేతువును తార్కికులు సవ్యభిచార హేతువంటారు.

మోతకూ బలానికీ నిజంగా ముడి ఉన్న యంత్రం లేకపోలేదు. ఆవిరి ఇంజనే అది. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో బిట్రగుంట ఉంది. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకో షెడ్డు నడిచింది. ఆ ఇంజను వాడేసిన ఆవిరిని సన్నని మూతి గుండా పొగగొట్టంలోకి చిమ్మేది. ఆ విసురు పొయ్యిలోకి గాలిని లాగి బొగ్గును రాజేసేది. 1829 నాటి స్టీఫెన్‌సన్ రాకెట్ ఇంజనులోనూ ఈ ఏర్పాటే. అక్కడ 'ఛుక్ ఛుక్' ఎంత గట్టిగా ఉంటే మంట అంత పైకి లేచేది. అయినా మూతిని మరీ సన్నం చేస్తే ఆవిరి బయటికి పోలేక పిస్టన్‌కే అడ్డుపడేది. అక్కడా మోతకు హద్దు ఉంది.

పికప్ వచ్చిందన్న అనుభవం సంగతేమిటి? అది అబద్ధం కాదు, కాకపోతే ప్రత్యక్షం కూడా కాదు. నాలుగు సిలిండర్ల ఇంజను 3,000 చుట్ల దగ్గర సెకనుకు 100 పేలుళ్లు చేస్తుంది. ఆ లోతైన గొంతు ఒళ్లంతా తాకేసరికి వేగం పెరిగినట్టే అనిపిస్తుంది. కాలు కూడా తెలియకుండానే యాక్సిలరేటరును ఇంకాస్త తొక్కుతుంది. మోతలోని శక్తి ఎంతో లెక్కగడితే నవ్వొస్తుంది. అర మీటరు దూరంలో 110 డెసిబెళ్లు పలికే గొట్టం నుంచి శబ్దంగా వెళ్లేది అర వాటు కూడా ఉండదు. 80 హార్స్‌పవర్ ఇంజను ఇచ్చేది దాదాపు 60,000 వాట్లు.

చెవిని అసలే నమ్మకూడదని దీనర్థం కాదు. అదే బోగోలు మండలపు తీరాన జువ్వలదిన్నెలో డీజిల్ బోటు ఎక్కే మత్స్యకారుడు ఇంజను శబ్దం వినే మిస్సింగ్ వస్తోందని పసిగడతాడు. నల్లపొగ వస్తే డీజిల్ సరిగా కాలడం లేదని, నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని తెలుసుకుంటాడు. ఈ అనుమానాలు చెల్లుతాయి. అదే ఇంజను నిన్న ఎలా పలికిందో అతనికి తెలుసు; దృష్టాంతం వేరే బండి కాదు, ఆ ఇంజనే.

మోతకు మరో వైపూ ఉంది. శబ్దం ఆకాశగుణమని న్యాయ వైశేషికుల మతం. పుట్టినచోటు నుంచి చెవి దాకా అది ఎలా చేరుతుందన్నదానికి వారు వీచీతరంగ న్యాయం చెప్పారు: అల మరో అలను పుట్టిస్తూ పోవడం. శబ్దం పుట్టించినవాడి దగ్గరే ఆగదని అందులోనే తేలిపోయింది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దుగా పెట్టాయి. ప్రతి మోటారు వాహనానికీ శబ్దం తగ్గించే సైలెన్సరు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు చెబుతాయి. ఇతరుల చెవుల మీద మోత రుద్దే హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 2005లో తేల్చింది. బలం నిజంగా పెరిగినా ఈ వాదం మారదు.

బలం పెరిగిందో లేదో తేల్చే దారిని తర్కమే చూపింది: అన్వయ వ్యతిరేకాలు, అంటే ఇది ఉంటే అది ఉందా, ఇది లేకపోతే అది లేదా అని చూడటం. కారును బలం కొలిచే డైనో మీద ఎక్కించి పాత గొట్టంతో కొలవాలి, కొత్తది బిగించి కొలవాలి, మళ్లీ పాతది పెట్టి మూడోసారి కొలవాలి, అన్నీ ఒకే రోజు, ఇంజను ఒకే వేడి మీద ఉండగా. చివరన మోత తగ్గించే, తీసిపెట్టే బాఫిల్ ఉన్న గొట్టమైతే పరీక్ష ఇంకా తేలిక. బాఫిల్ తీస్తే మోత ఎంత మారిందో, చక్రాల దగ్గర బలం ఎంత మారిందో రెండు అంకెలూ పక్కపక్కనే కనిపిస్తాయి.